అద్దంలో ఆకాశం – నాలుగో పాఠం: తిరిగింది కాంతా, పరికరమా?

గత పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను. విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణపు (ఆకాశమంతటి నుంచీ వచ్చే తొలి విశ్వపు కాంతి) ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగం ఊగే దిశల అమరికను, ఈ-మోడ్, బీ-మోడ్ అని రెండుగా విడదీశాక, ఆ రెంటి మధ్య సహసంబంధం, అంటే ఈబీ స్పెక్ట్రం, మామూలు విశ్వంలో ఎందుకు సున్నా కావాలి? “బీ-మోడ్ చాలా బలహీనం కాబట్టి” అన్నది ముందుగా తట్టే జవాబు. అది తప్పు. బీ-మోడ్ ఎంత బలంగా ఉన్నా ఈబీ సగటు సున్నాయే.

కారణం అద్దపు సౌష్ఠవంలో, అంటే పారిటీలో ఉంది. ప్రతి దిశనూ దానికి సరిగ్గా ఎదురు దిశతో మార్చి ఆకాశాన్ని తిరగేశామనుకోండి. మల్టీపోల్ సంఖ్య ‘ఎల్’ (ఆకాశపు నమూనా ఎంత సన్ననిదో చెప్పే సంఖ్య) సరిసంఖ్య అయితే ఈ-మోడ్ గుణకం గుర్తు మారదు, బీ-మోడ్ గుణకం గుర్తు మారుతుంది. ‘ఎల్’ బేసి సంఖ్య అయితే ఇది తారుమారవుతుంది. ఏ విధంగా చూసినా రెంటిలో ఒకటే గుర్తు మార్చుకుంటుంది కాబట్టి వాటి లబ్ధం తప్పకుండా గుర్తు మార్చుకుంటుంది. ప్రకృతి నియమాలకు అసలు ఆకాశమూ అద్దంలోని ఆకాశమూ ఒకటే అయితే, ఈబీ సగటు దాని రుణ విలువకు సమానం కావాలి. అలాంటి సంఖ్య సున్నా ఒక్కటే. ఉష్ణోగ్రతను బీ-మోడ్‌తో జతచేసే టీబీకీ ఇదే తర్కం. ఒక మోడ్‌ను దానితోనే జతచేసే ఈఈ, బీబీలలోనూ, ఉష్ణోగ్రతను ఈ-మోడ్‌తో జతచేసే టీఈలోనూ గుర్తులు రద్దవుతాయి కాబట్టి వాటికి ఈ నిర్బంధం లేదు.

ఇక్కడ ‘సగటు’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. మనకున్నది ఒకే ఆకాశం. అందులో కొలిచిన ఈబీ సున్నాకు అటూ ఇటూ చెదిరి ఉంటుంది. ఏదో ఒక మల్టీపోల్ దగ్గర సున్నా కాని విలువ కనిపించినంత మాత్రాన అద్దం పగలలేదు. చెదురుగా ఉన్న ఆ విలువలన్నీ కలిసి ఒకే కోణాన్ని, అంటే ధ్రువణ తలం తిరిగిన కోణాన్ని, చూపుతున్నాయా అన్నదే ప్రశ్న. ఈ పాఠంలో నేర్చుకోవలసిన పనులు రెండు: ఈబీ నుంచి ఆ కోణాన్ని తీయడం, తీసిన కోణం ఎవరిదో తేల్చడం. మొదటిది ఒక సాయంత్రం పని. అసలు విద్య రెండోదే.

కోణం ఎక్కడి నుంచి వస్తుంది

1956లో భౌతిక శాస్త్రవేత్తలు లీ, యాంగ్ ఒక అనుమానం లేవనెత్తారు: బలహీన బలం (రేడియోధార్మిక క్షయంలో పనిచేసే బలం) అద్దపు సౌష్ఠవాన్ని పాటిస్తుందని ఎవరైనా నిజంగా పరీక్షించి చూశారా? మరుసటి ఏడాది వూ బృందం కోబాల్ట్-60 కేంద్రకాలతో పరీక్షించి, పాటించదని చూపింది. అది బలహీన బలం సంగతి. విద్యుదయస్కాంతం మాత్రం అద్దానికి విధేయంగానే ఉంటుందని ఇప్పటివరకూ ప్రతి ప్రయోగశాలా చెబుతోంది. కానీ ప్రయోగశాలలో కాంతి ప్రయాణించేది కొద్ది మీటర్లు. ప్రభావం అత్యల్పమై, దూరంతోనూ కాలంతోనూ పోగయ్యేదైతే ఆ కొద్ది మీటర్లలో అది దొరకదు.

1990లో కారల్, ఫీల్డ్, జాకివ్ ఈ ఆలోచనను కాంతికి వర్తింపజేశారు. మాక్స్‌వెల్ సిద్ధాంతానికి చెర్న్-సైమన్స్ తరహా పదం ఒకటి చేరిస్తే కుడిచేతి కాంతి, ఎడమచేతి కాంతి (ధ్రువణం కుడికీ ఎడమకీ సుడి తిరిగే కాంతులు) కాస్త వేర్వేరు వేగాలతో సాగుతాయి. ఫలితంగా రేఖీయ ధ్రువణ తలం దారి పొడవునా నెమ్మదిగా తిరుగుతుంది. వారు దీన్ని సుదూర రేడియో గెలాక్సీల ధ్రువణంతో పరీక్షించారు. 1999లో లూ, వాంగ్, కమియన్‌కోవ్‌స్కీ ఇదే ప్రభావాన్ని నేపథ్య వికిరణంలో వెతకవచ్చనీ, అక్కడ దాని జాడ టీబీ, ఈబీల రూపంలో ఉంటుందనీ చూపారు.

రేడియో గెలాక్సీ కన్నా నేపథ్య వికిరణం ఎందుకు మేలు? ఒక గెలాక్సీ నుంచి బయలుదేరినప్పుడు కాంతి ధ్రువణ కోణం ఎంతో మనకు తెలియదు, ఆ గెలాక్సీ అయస్కాంత క్షేత్రాన్ని చూసి ఊహించాలి. నేపథ్య వికిరణంలోనూ ఒక్కో బిందువు కోణం ముందుగా తెలియదు. కానీ మొత్తం ఆకాశపు గణాంకం తెలుసు: బయలుదేరినప్పుడు ఈఈ ఇంత, ఈబీ సున్నా. పైగా ఇది మహా విస్ఫోటనం తర్వాత సుమారు 3,80,000 ఏళ్లకు బయలుదేరిన కాంతి. ఇంతకన్నా పొడవైన దారి నడిచిన కాంతి మనకు అందుబాటులో లేదు.

తిరిగే కోణాన్ని బీటా అందాం. ఆక్సియాన్ తరహా క్షేత్రం (ఆకాశమంతా పరచుకుని ఉండవచ్చని ఊహిస్తున్న క్షేత్రం) దీనికి కారణమైతే, బీటా విలువ క్షేత్రం మొదటి విలువకూ చివరి విలువకూ ఉన్న తేడా మీద మాత్రమే ఆధారపడుతుంది. మధ్యలో క్షేత్రం ఎన్ని వంపులు తిరిగినా లెక్కలోకి రాదు. దీని పర్యవసానం నాకు చాలా ఇష్టం. క్షేత్రం కదలకపోతే కోణం లేదు. అదృశ్య శక్తి (విశ్వ విస్తరణను వేగవంతం చేసే డార్క్ ఎనర్జీ) కేవలం స్థిరాంకమే అయితే అది కాంతిని తిప్పలేదు. కాబట్టి బీటా సున్నా కాదని నిజంగా తేలిన రోజున, ఖాళీ అనుకున్న ఆకాశంలో ఏదో కదిలిందని ఒప్పుకోక తప్పదు.

లెక్క

ధ్రువణ తలాలన్నీ బీటా కోణం తిరిగితే మోడ్‌లు ఇలా కలుస్తాయి:

చూసిన ఈ = ఈ × కాస్ 2బీటా − బీ × సైన్ 2బీటా
చూసిన బీ = ఈ × సైన్ 2బీటా + బీ × కాస్ 2బీటా

బీటాకు బదులు 2బీటా ఎందుకంటే ధ్రువణానికి దిశ ఉంది కానీ బాణపు మొన లేదు. 180 డిగ్రీలు తిప్పితే మొదటికే వస్తుంది. ఇప్పుడు పై రెండు వరుసలనూ గుణించి, అసలు ఈబీ సున్నా అని పెట్టండి. కాగితం మీద మీరే చేయండి, నాలుగు పదాలే:

చూసిన ఈబీ = ½ × సైన్ 4బీటా × (ఈఈ − బీబీ)

చిన్న కోణాలకు కుడివైపు సుమారు 2బీటా × (ఈఈ − బీబీ) అవుతుంది, బీటా రేడియన్లలో. మనం వెతికే పరిమాణంలో ఈ సరళీకరణ వల్ల వచ్చే దోషం పదివేలలో ఒక వంతు మాత్రమే, నిశ్చింతగా వాడండి.

బీటా 0.3 డిగ్రీలనుకుందాం. అది 0.00524 రేడియన్లు. ఈబీ విలువ ఈఈలో 0.0105 వంతు, అంటే నూటికి ఒకటి. అదే తిరుగుడు బీబీలోకి ఎంత పంపుతుంది? సైన్ 2బీటా వర్గం, అంటే 0.00011. పదివేలలో ఒకటి చిల్లర. గురుత్వ లెన్సింగ్ (దారిలోని పదార్థపు గురుత్వం కాంతిని వంచడం) ఎలాగూ సృష్టించే బీబీ దీనికి పది రెట్లకు పైనే ఉంటుంది. కాబట్టి ఈ కోణాన్ని బీబీలో వెతకడం వృథా. కోణం బీబీలో వర్గమై కుంచించుకుపోతుంది, ఈబీలో మాత్రం మొదటి ఘాతంగానే నిలుస్తుంది. టీబీలోనూ మొదటి ఘాతంగానే ఉంటుంది: చూసిన టీబీ = టీఈ × సైన్ 2బీటా. ధ్రువణ పటాల్లో నాయిస్ ఎక్కువగా ఉన్న డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహపు రోజుల్లో టీబీయే ముఖ్య ఆధారం. దాని తర్వాతి ఉపగ్రహం ప్లాంక్ వచ్చాక ఈబీ ముందుకొచ్చింది, ఎందుకంటే టీబీని ఉష్ణోగ్రతలోని సహజ హెచ్చుతగ్గులు ముంచెత్తుతాయి.

ఇంకొక సంగతి. ఈబీ సున్నా కాకపోవడం ఒక్కటే చాలదు, అది ఈఈ ఆకారంలో ఉండాలి. ఈఈకి ఎల్ విలువ 400, 690, 990 పరిసరాల్లో శిఖరాలున్నాయి. ఈబీ కూడా అక్కడే లేవాలి, మధ్య లోయల్లో అణగాలి. ఎక్కడో ఒక మూల పొంగి మిగతాచోట్ల చదునుగా ఉన్న ఈబీ కనిపిస్తే ముందు మీ పటాన్ని అనుమానించండి.

ఇప్పుడు చేతి లెక్క. కింది అంకెలు అభ్యాసం కోసం నేను కల్పించినవి. మూడు మల్టీపోల్ పట్టీలు (పక్కపక్క ఎల్ విలువల గుంపులు) తీసుకుందాం. మొదటి పట్టీలో (ఈఈ − బీబీ) విలువ 20, కొలిచిన ఈబీ 0.26. రెండోది శిఖరం: 40, ఈబీ 0.40. మూడోది లోయ: 5, ఈబీ −0.05. మూడింటిలోనూ ఈబీ దోషం, అంటే కొలతలోని అనిశ్చితి, 0.10.

ప్రతి పట్టీలోనూ ఈబీని (ఈఈ − బీబీ)కి రెట్టింపుతో భాగిస్తే బీటా వస్తుంది. వరుసగా 0.0065, 0.005, −0.005 రేడియన్లు. వీటి మామూలు సగటు 0.0022, అంటే 0.12 డిగ్రీలు. ఇలా ఎప్పుడూ చేయకండి. దోషాన్నీ అదే సంఖ్యతో భాగించి చూడండి: 0.0025, 0.00125, 0.01. లోయలో ఉన్న మూడో పట్టీకి దాదాపు ఏమీ తెలియదు, అయినా మామూలు సగటులో దానికి మిగతా వాటితో సమానమైన ఓటు దక్కింది. ఓటును దోషవర్గానికి విలోమంగా పంచితే బరువులు 16, 64, 1 నిష్పత్తిలో వస్తాయి. అప్పుడు:

(16 × 0.0065 + 64 × 0.005 − 1 × 0.005) ÷ 81 = 0.00517 రేడియన్లు

అంటే 0.30 డిగ్రీలు. దోషం 0.0011 రేడియన్లు, అంటే 0.06 డిగ్రీలు. నాలుగున్నర సిగ్మాకు పైనే, అంటే కోణం దాని దోషానికి నాలుగున్నర రెట్లకు పైనే.

నిజమైన పటాలతో చేసేటప్పుడు ఆ 0.10 దోషం ఎక్కడి నుంచి వస్తుంది? ఈబీ విస్తృతి, అంటే దోషవర్గం, దాదాపుగా (చూసిన ఈఈ × చూసిన బీబీ)ని అందుబాటులో ఉన్న మోడ్‌ల సంఖ్యతో భాగించినంత. ఆ ఈఈ, బీబీల్లో నాయిస్ కూడా కలిసే ఉండాలి. ప్లాంక్ లాంటి పటాల్లో చాలా మల్టీపోల్‌ల దగ్గర బీబీ అంటే దాదాపుగా నాయిసే. సిద్ధాంతం చెప్పిన చిన్న బీబీని అక్కడ పెడితే దోషం అన్యాయంగా చిన్నదై, మీకు లేని సిగ్మాలు వస్తాయి. మోడ్‌ల సంఖ్యకు ప్రతి ఎల్ దగ్గర (2ఎల్ + 1)ని కూడి, మాస్క్ (పాలపుంత ప్రకాశవంతమైన భాగాన్ని మూసే తెర) తర్వాత మిగిలిన ఆకాశ భాగంతో గుణించండి.

ఎవరి కోణం

ఇప్పుడు ఆ నాలుగున్నర సిగ్మాలను పక్కన పెట్టండి. మీరు కొలిచింది బీటా కాదు.

ధ్రువణాన్ని కొలిచే ప్రతి డిటెక్టరుకూ తనదైన అక్షం ఉంటుంది. ఆ అక్షం ఆకాశంలో ఏ దిశగా ఉందని మనం నమ్ముతున్నామో, నిజానికి దానికి ఆల్ఫా కోణం పక్కగా ఉందనుకోండి. పటంలోని ప్రతి ధ్రువణ రేఖా ఆల్ఫా మేర తిరిగి కనిపిస్తుంది. ఈఈ నుంచి ఈబీలోకి కారడం అచ్చం పైన చెప్పినట్టే జరుగుతుంది, శిఖరాల దగ్గర శిఖరాలతో సహా. నేపథ్య వికిరణం ఒక్కదాన్నే చూస్తున్నంత కాలం మీకు దక్కేది ఆల్ఫా, బీటాల మొత్తమే. ఎన్నేళ్లు పరిశీలించినా, నాయిస్ ఎంత తగ్గించినా ఆ రెండూ విడిపోవు.

ప్లాంక్ బృందం 2016లో ప్రకటించిన ఫలితం దీనికి మంచి ఉదాహరణ: 0.31 డిగ్రీలు, గణాంక దోషం 0.05, పరికర దోషం 0.28. గణాంక దోషాన్నే చూస్తే ఆరు సిగ్మా. పరికర దోషాన్ని కలిపితే ఒక సిగ్మా పైచిలుకు. డిటెక్టర్ల కోణాలను ఉపగ్రహ ప్రయోగానికి ముందు నేల మీద కొలిచిన ఖచ్చితత్వం అంతే మరి. ఆకాశంలో చూసి సరిచేసుకుందామంటే, ధ్రువణ దిశ తెలిసిన ప్రకాశవంతమైన మూలాలు అరుదు. క్రాబ్ నెబ్యులాను (పేలిన నక్షత్రపు అవశేషం) వాడతారు కానీ దాని కోణం మీద కూడా ఇలాంటి అనిశ్చితే ఉంది.

2013లో కీటింగ్, షైమన్, యాదవ్ మరో దారి సూచించారు: ఈబీ సున్నా కావాలి కదా, అది సున్నా అయ్యేంత వరకూ డిటెక్టర్ల కోణాలను దిద్దుకుందాం. ఆదిమ గురుత్వ తరంగాల కోసం బీబీని వెతికేవారికి ఇది చక్కని ఉపాయం, నకిలీ బీబీ తగ్గుతుంది. మన పనికి మాత్రం ఇది ఆత్మహత్య. వెతుకుతున్నదాన్నే సున్నా అని పెట్టుకుని పరికరాన్ని దిద్దితే, బీటా ఉన్నా ఆల్ఫాలో కలిసిపోయి కనబడకుండా పోతుంది. ఏదైనా ప్రయోగం విడుదల చేసిన పటాలను దించుకోగానే ముందుగా ఇది చూడండి: వాటి కోణాలను ఈబీతో దిద్దారా? దిద్ది ఉంటే, దిద్దిన కోణాన్ని వెనక్కి తిప్పనిదే ఆ పటాలు మీకు పనికిరావు.

పాలపుంత అనే పడికట్టు రాయి

2019లో మినామి, ఆయన సహచరులు ముడి విప్పారు. త్రాసు సరిగ్గా ఉందో లేదో తెలియనప్పుడు బరువు తెలిసిన పడికట్టు రాయి వేసి చూస్తాం. ఇక్కడ ఆ రాయి పాలపుంత. మన పటాల్లో నేపథ్య వికిరణంతో పాటు పాలపుంత ధూళి విడుదల చేసే ధ్రువిత కాంతి కూడా ఉంటుంది. సాధారణంగా దాన్ని మలినంగా చూసి తుడిచేస్తాం. కానీ ఆ కాంతి నడిచిన దూరం కొన్ని వేల కాంతి సంవత్సరాలే, వందల కోట్ల ఏళ్లలో పోగయ్యే బీటా దానిలో ఉండదు. అది తిరిగి కనిపిస్తే తప్పు పరికరానిదే. ధూళి ఆల్ఫా మేర తిరుగుతుంది, నేపథ్య వికిరణం ఆల్ఫా, బీటా రెండూ కలిసినంత తిరుగుతుంది.

చిన్న కోణాలకు సమీకరణం ఇది:

చూసిన ఈబీ = 2ఆల్ఫా × (మొత్తం ఈఈ − బీబీ) + 2బీటా × (నేపథ్య వికిరణపు ఈఈ − బీబీ)

మొదటి పదంలో పటంలో కనిపించేదంతా ఉంది, రెండో పదంలో సిద్ధాంతం లెక్కగట్టిన నేపథ్య వికిరణం మాత్రమే. ధూళి ఈఈ మల్టీపోల్ పెరిగేకొద్దీ నున్నగా తగ్గుతుంది, నేపథ్య వికిరణపు ఈఈ శిఖరాలూ లోయలుగా ఊగుతుంది. ఆకారాలు వేరు కాబట్టి రెండు తెలియని సంఖ్యలనూ విడదీయవచ్చు. పౌనఃపున్యం కూడా తోడ్పడుతుంది. 353 గిగాహెర్ట్జ్ పటంలో ధూళిది పైచేయి, 100, 143 దగ్గర నేపథ్య వికిరణానిది. అయితే ప్రతి డిటెక్టర్ల సముదాయానికీ ఆల్ఫా వేరు. 353లో తేలిన ఆల్ఫాను 143కు అంటించకండి. అన్ని పటాలకూ ఉమ్మడిగా ఉండేది బీటా ఒక్కటే. అందుకే నిజమైన విశ్లేషణలో పటాల జతలన్నిటి స్పెక్ట్రాలనూ కలిపి, అన్ని ఆల్ఫాలనూ ఒకే బీటానూ ఒకేసారి తీస్తారు.

మళ్లీ కల్పిత అంకెలతో చేద్దాం. ఒకే పటం, రెండు పట్టీలు. మొదటి పట్టీలో మొత్తం (ఈఈ − బీబీ) 100, అందులో నేపథ్య వికిరణానిది 10, మిగతాది ధూళి. కొలిచిన ఈబీ −0.28. రెండో పట్టీలో మొత్తం 45, అందులో నేపథ్య వికిరణానిది 40. కొలిచిన ఈబీ 0.30.

2ఆల్ఫాను ‘క’, 2బీటాను ‘గ’ అంటే:

100 క + 10 గ = −0.28
45 క + 40 గ = 0.30

మొదటిదాన్ని నాలుగుతో గుణించి రెండోదాన్ని తీసివేయండి. 355 క = −1.42, కాబట్టి క = −0.004, గ = 0.012. ఆల్ఫా −0.11 డిగ్రీలు, బీటా 0.34 డిగ్రీలు. రెండో పట్టీని ఒంటరిగా చూసి పాత పద్ధతిలో కోణం తీస్తే 0.19 డిగ్రీలు వచ్చేది. అది ఆల్ఫాదీ కాదు, బీటాదీ కాదు.

ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలు

2020లో మినామి, కొమాత్సు ప్లాంక్ మూడో విడుదల పటాలకు ఈ పద్ధతిని వర్తింపజేసి బీటా 0.35 డిగ్రీలు, దోషం 0.14 అని ప్రకటించారు. 2.4 సిగ్మా. 2022లో డియాగో-పలజ్యూలోస్ బృందం ప్లాంక్ నాలుగో విడుదలతో 0.30, దోషం 0.11 అంది. అదే ఏడాది ఎస్కిల్ట్, కొమాత్సు ప్లాంక్‌కు డబ్ల్యూమ్యాప్‌ను జతచేసి 0.342 డిగ్రీలు, 3.6 సిగ్మా అన్నారు.

వరుసగా చదివితే సాక్ష్యం మెట్టు మెట్టుగా పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. అంత తొందర వద్దు. ఇవి ముగ్గురు సాక్షులు కారు. ప్రధానంగా ఒకే ఉపగ్రహపు దత్తాంశం, ఒకే ఉపాయం. పడికట్టు రాయిలోనే తేడా ఉంటే మూడు తూకాలూ ఒకేలా తప్పుతాయి. నా దృష్టిలో ఇంతకన్నా ఆసక్తికరమైనది 2025లో చిలీలోని అటకామా కాస్మాలజీ టెలిస్కోప్ ఇచ్చిన 0.20 డిగ్రీలు, దోషం 0.08. సిగ్మాలు తక్కువే. కానీ వారు పాలపుంతను ఆధారంగా తీసుకోలేదు, టెలిస్కోప్ కటకాలూ అద్దాల నమూనా నుంచి డిటెక్టర్ల కోణాలను లెక్కగట్టారు. అందులో వచ్చే తప్పులు వేరు జాతివి. వేర్వేరు జాతుల తప్పులున్న రెండు కొలతలు ఒకే గుర్తుతో, దగ్గర దగ్గరి విలువలతో రావడం, ఒకే కొలతకు ఇంకో సిగ్మా చేరడం కన్నా విలువైనది.

పౌనఃపున్యంతో చేయదగిన పరీక్ష మరొకటి ఉంది. అయస్కాంత క్షేత్రం గుండా వెళ్లే కాంతి కూడా తిరుగుతుంది, ఫారడే భ్రమణం అంటాం. అది పౌనఃపున్య వర్గానికి విలోమంగా మారుతుంది. 353 దగ్గరికన్నా 100 గిగాహెర్ట్జ్ దగ్గర పన్నెండు రెట్లకు పైగా ఎక్కువ ఉండాలి. ఆక్సియాన్ తరహా క్షేత్రం తిప్పితే అన్ని పౌనఃపున్యాల వద్దా కోణం ఒకటే. 2022లో ఎస్కిల్ట్ ప్లాంక్ పటాల్లో ఇది చూసి, పౌనఃపున్యంతో మార్పు ఉన్నట్టు ఆధారం లేదని తేల్చారు. ఫారడే మీద నేరం మోపడం కష్టమే.

రాయి నిజాయితీ

పై సమీకరణంలో మనం చెప్పకుండా ఒక మాట మింగేశాం: ధూళికి సొంత ఈబీ లేదు. అద్దపు సౌష్ఠవం ధూళిని రక్షించదు, ఎందుకంటే పాలపుంత ఒకటే, మనం చూసేది దాని లోపలి నుంచి. అందులో ఈబీ ఏదో ఒక గుర్తుతో ఉండిపోవచ్చు. ప్లాంక్ ధూళి పటాల్లో సున్నా కాని టీబీ ఇప్పటికే కనిపించింది. ధూళి పోగులు అయస్కాంత క్షేత్ర రేఖలకు సమాంతరంగా కాక కాస్త ఒకవైపుకు ఒరిగి ఉంటే టీబీ, దానితో పాటే ఈబీ పుడతాయని క్లార్క్ బృందం 2021లో వాదించింది. డియాగో-పలజ్యూలోస్ బృందపు 2022 విశ్లేషణలో మాస్క్‌ను విస్తరించి పాలపుంత తలాన్ని ఎక్కువగా మూసేకొద్దీ బీటా తగ్గుతూ వచ్చింది. ధూళి ఈబీకి ఒక నమూనా పెట్టి సరిచేస్తే 0.36 దగ్గరికి లేచి నిలకడగా నిలిచింది. నిలకడగా నిలవడం నమూనాకు అనుకూలమైన సూచనే. కానీ అది ధూళి గురించి మన అవగాహన మీద ఆధారపడ్డ సంఖ్య అని మరవకండి.

గుర్తుల తంటా

పటాలతో పని మొదలుపెట్టేవారు ఎక్కువగా పడిపోయే గొయ్యి ఇదే, కాబట్టి కాస్త ఆగుదాం. ధ్రువణ కోణాన్ని అంతర్జాతీయ ఖగోళ సంఘం ఉత్తరం నుంచి తూర్పు వైపు, అంటే ఆకాశంలో అపసవ్యంగా కొలుస్తుంది. హీల్‌పిక్స్ (ఆకాశ పటాలను గడులుగా విభజించే సాఫ్ట్‌వేర్) పటాలు దక్షిణం నుంచి తూర్పు వైపు, సవ్యంగా కొలుస్తాయి. ధ్రువణాన్ని క్యూ, యూ అనే రెండు స్టోక్స్ సంఖ్యలతో రాస్తాం; ఆ రెండు పద్ధతుల మధ్య ‘యూ’ గుర్తు మారుతుంది. ఒక పద్ధతి పటాన్ని మరో పద్ధతి సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే వెంటనే తెలిసిపోతుంది: బీబీ ఒక్కసారిగా ఈఈతో పోల్చదగినంత ఉబ్బుతుంది. అది కనిపిస్తే సంతోషించండి, తప్పు తనంతట తానే బయటపడింది.

బయటపడని తప్పు వేరు. పటం, సాఫ్ట్‌వేర్ రెండూ సరిగ్గానే ఉండి, కోణాన్ని మాత్రం ఇద్దరు వేర్వేరు దిశల్లో కొలవడం. అప్పుడు ఈఈ, బీబీ ముచ్చటగా ఉంటాయి, బీటా గుర్తు ఒక్కటే తిరగబడుతుంది. పైన చెప్పిన ఫలితాల్లో ధన బీటా అంటే ఆకాశంలో సవ్య దిశ తిరుగుడు. క్రాబ్ నెబ్యులా కోణాన్ని రేడియో ఖగోళ పట్టికల నుంచి తెచ్చుకుంటే అది అపసవ్య పద్ధతిలో ఉంటుంది. రెండు విలువలను పోల్చే ముందు ధన దిశ ఏదో కాగితం మీద రాసుకోండి.

దీన్ని పట్టుకోవడానికి నమ్మదగిన ఉపాయం ఒకటే. క్యాంబ్‌తో ఈఈ, బీబీ సిద్ధాంత స్పెక్ట్రాలు తీసి, హీల్‌పిక్స్‌తో ఒక కృత్రిమ ఆకాశం తయారుచేయండి. క్యూ, యూ పటాలను మీరే 0.35 డిగ్రీలు తిప్పండి. మాస్క్ వేయండి, నామాస్టర్‌తో స్పెక్ట్రాలు తీయండి. పై పద్ధతిలో కోణం 0.35గా, ధన గుర్తుతో తిరిగి రావాలి. తర్వాత తిప్పకుండా అదే పని చేయండి, దోషం పరిధిలో సున్నా రావాలి. ఈ రెండూ సరిగ్గా వచ్చేంతవరకూ నిజమైన పటం తెరవకండి. నాయిస్ కలిపేటప్పుడు రెండు వేర్వేరు నాయిస్‌లతో రెండు పటాలు చేసి వాటి పరస్పర స్పెక్ట్రం వాడండి, లేకపోతే ఈఈ, బీబీల్లో నాయిస్ పోగై మీ భాజకాన్ని పాడుచేస్తుంది. మాస్క్ అంచుల దగ్గర ఈ-మోడ్ బీ-మోడ్‌లోకి కారుతుంది. దాని వల్ల ఈబీ చెదురు పెరుగుతుంది కాబట్టి అంచులను పదునుగా వదలకుండా నునుపు చేయండి. ప్లాంక్ పటాలు ప్లాంక్ లెగసీ ఆర్కైవ్‌లో ఎవరికైనా ఉచితం, పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లన్నీ కూడా ఉచితమే.

అభ్యాసం

రెండు పట్టీల లెక్కకు మళ్లీ వెళ్లండి. మొదటి పట్టీలో కొలిచిన −0.28లో ధూళి సొంత ఈబీ +0.05 కలిసి ఉందని ఎవరో చెప్పారనుకోండి. రెండో పట్టీలో ధూళి ఈబీని సున్నాగానే ఉంచి ఆల్ఫా, బీటాలను మళ్లీ తీయండి. బీటా పెరిగిందా, తగ్గిందా? ఎంత? 2022 విశ్లేషణలో ధూళిని సరిచేసినప్పుడు బీటా కదిలిన దిశతో మీ జవాబు సరిపోతుందో చూడండి. తర్వాత ఆ +0.05ను −0.05గా మార్చి చేయండి. చివరిగా, అసలు బీటా సున్నాయే అయితే, పై రెండు ఈబీ కొలతలనూ ధూళి ఒక్కటే వివరించాలంటే ఒక్కో పట్టీలో ధూళి ఈబీ ఎంత ఉండాలో కనుక్కోండి. ఆల్ఫాను కూడా సున్నాగా పెట్టుకోవచ్చు. వచ్చిన సంఖ్యలను ఆ పట్టీల్లోని ధూళి ఈఈ − బీబీతో భాగిస్తే ఒకచోట రుణం, మరోచోట ధనం, పరిమాణం కూడా పొంతన లేకుండా వస్తుంది. అలాంటి ధూళి సాధ్యమేనా అన్న చర్చతో ఐదో పాఠం మొదలవుతుంది.